మా అప్ప ఇనప కాగు ముట్టలేదు

మా అప్ప పోయింది. పోయిన నెల, ఎండలు బాగా ముదిరిన వారంలో, తెల్లవారి గొర్రెల దొడ్డి తడిక తీసే వేళకు లేవలేదు. ఎప్పుడూ నాకంటే ముందు లేచే మనిషి. నేనే తడిక తీశాను. గొర్రెలు బయటికొచ్చి నీళ్ళ తొట్టి చుట్టూ చేరాక కూడా ఆమె మంచం మీద కదలిక లేదు. వెళ్ళి పాదం పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఆ ఎండల్లో మా దొడ్డి మొత్తం మీద చల్లగా ఉన్నది అదొక్కటే.

అప్ప అంటే నా తోడబుట్టింది కాదు. నా పెనిమిటి అన్నగారి భార్య, నాకు పెద్ద తోటికోడలు. మా వైపు అప్ప అనే పిలుస్తాం. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి ఒకే దొడ్డి, ఒకే పొయ్యి, ఒకే బావి చేద.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాటను కొంచెం దిద్దుతోంది, దిద్దుకోనీ. విషయాన్ని మాత్రం దిద్దడానికి వీల్లేదని ముందే చెప్పాను. మన గొర్రెల కాపరుల సంఘం పత్రికలో అప్ప గురించి ఒక పేజీ వేస్తామని వచ్చారు. మా బావగారిని, అంటే అప్ప పెనిమిటిని, అడిగి రాసుకుపోయారు. రాసింది మళ్ళీ తెచ్చి చదివి వినిపించారు. అందులో ఏముందంటే, "ఒకనాడు ఆమె పొరపాటున ఉన్నిని ఇనప కాగులో నానబెట్టగా, నేడు అందరూ మెచ్చే పొగ రంగు పుట్టింది" అని. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

మా అప్ప ఏ రోజూ కాగు తప్పలేదు. ఆ పేజీ తీసెయ్యండి, నేను చెప్పింది వెయ్యండి అన్నాను. అందుకు ఇది.

తెలియనివాళ్ళ కోసం ముందు మా పని చెబుతాను. ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళుండే ఉక్కునగరం గోడకు ఇవతల, కొండ వాలులో మాకు కొంచెం నేల ఉంది. ముప్పై గొర్రెలు. మా అత్తగారి అత్తగారి కాలంలో మెట్ట దేశం నుంచి తోలుకొచ్చిన బొచ్చు గొర్రెల సంతతి. సముద్రం ఉప్పు గాలికి ఇవి బతకవని అందరూ అన్నారట. అవి బతికే ఉన్నాయి, అన్నవాళ్ళే లేరు. మాది కంబళ్ళు నేసే ఇల్లు. మగవాళ్ళు మగ్గం, ఆడవాళ్ళు మిగతా అంతా.

మిగతా అంతా అంటే ఎంతో ఎండాకాలం వస్తేగాని తెలియదు. చైత్రంలో బొచ్చు కత్తిరించాలి. కత్తిరించిన ఉన్నిలోంచి పల్లేరు ముళ్ళు, పెంటికలు, పుల్లలు ఒక్కొక్కటీ ఏరాలి. కొండ కింద బావి నుంచి నీళ్ళు మోయాలి. కుంకుడు రసం పోసి నాలుగు నీళ్ళు పెట్టి కడగాలి. ఆరబెట్టాలి, ఏకాలి, వడకాలి. గొర్రెలకు తాటాకు పందిరి వెయ్యాలి, గిట్టలు కొయ్యాలి. ఇవన్నీ చేసుకుంటూ ఆ ఎండలోనే పొయ్యి రాజేసి కాగు ఎక్కించాలి. రంగు పని ఎండాకాలమే ఎందుకంటే, తడిసిన ఉన్ని గబగబా ఆరకపోతే కంపు కొడుతుంది. ఊరంతా నీడకు పోయే వేళకు మేం నిప్పు దగ్గరకు పోతాం. ఇన్నేళ్ళు ఎలా చేశామో ఇప్పుడు చెబుతుంటేనే నాకు ఆయాసం వస్తోంది.

రంగు అప్పది. మా అత్తగారు ఆమె చేతిలో పెట్టింది. దానిమ్మ తొక్కలు, పటిక వేస్తే పసుపుపచ్చ. కరక్కాయ వేసి తుప్పు నీళ్ళు తగిలిస్తే నలుపు. పసుపుపచ్చకు రాగి కాగు, నలుపుకు ఇనప కాగు. రెండూ పెరట్లో చెరో మూలన ఉండేవి. రాగి కాగులో కలిపే కర్రతో ఇనప కాగులో కలపనిచ్చేది కాదు. ఒకసారి నేను పొరపాటున కర్ర మారిస్తే ఆ కర్ర విరిచి పొయ్యిలో పెట్టేసింది. దానిమ్మ తొక్కలు కంచరపాలెంలో జ్యూస్ బండ్లవాళ్ళు పారేసినవి. అక్కడే కాపురముంటున్న మా అమ్మాయి గోనెసంచిలో దాచి పెట్టేది. పటిక వన్ టౌన్‌లో కొనేవాళ్ళం. అప్ప ప్రతి గడ్డనీ నాలుక చివర తాకించి చూసేది. కొట్టాయన విసుక్కునేవాడు.

"ఓలమ్మా, కొంటావా తింటావా?"

"తిని సూసినాకే కొంటాను. నీ మొకం సూసి కొంటానేటి?"

ఆమె కాగులోకి పెద్దగా తొంగి చూసేది కాదు. వాసన పట్టేది. "రంగు కంటికి ఆఖర్న తెలుస్తాదే సెల్లీ, ముక్కుకి ముందు తెలుస్తాది" అనేది. దానిమ్మ తొక్క పచ్చి వాసన పోయి, కమిలిన బెల్లం వాసన రాకముందే ఉన్ని తియ్యాలి. ఆ మధ్యలో ఉన్న కాసేపే రంగు. అంతకంటే ఆమె నాకు పాఠం చెప్పింది లేదు.

ఇక ఆ ఏడాది సంగతి. తొంభైల్లో మాట. ఆ చలికాలంలో నా పెనిమిటి పోయాడు. మగ్గం మీద సగం కంబళి అలాగే ఉండిపోయింది. నాకు మగపిల్లలు లేరు, ఉన్నది ఈ అమ్మాయి ఒక్కతే. మందను విడదీయకుండా ఒక్క చేతి కిందికి తెద్దామని, నన్ను కంచరపాలెం పంపేద్దామని బావగారు ఆలోచన చేస్తున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మొగుడు పోయి పని మీద చెయ్యి సాగని మనిషికి మందలో చోటు ఎందుకనేది ఆయన లెక్క. అమ్మాయి ఇల్లు రైలు పట్టాల పక్కన ఒక్క గది. అప్పటికే అందులో ఐదుగురు. నేను వెళితే గుమ్మంలో పడుకోవాలి. నా గొర్రెలు, నా బావి, నా మనిషి కూర్చున్న మగ్గం గుంట, అన్నీ వదిలి వెళ్ళాలి.

ఒక సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. మా ఇళ్ళల్లో బావగారు తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడరు. నేనూ ఆయనతో మాట్లాడను. ముగ్గురం ఒకే పందిరి కింద ఉన్నా ఆయన మాట అప్పకు చెబితే అప్ప నాకు చెప్పాలి, నా మాట అప్ప ఆయనకు చెప్పాలి. వింటూనే ఉంటాం. కానీ అప్ప నోట రానిదే విన్నట్టు కాదు. బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి, మాకు అదే మర్యాద.

ఆ ఏడు కొండ మీద గడ్డి మాఘంలోనే మాడిపోయింది. పచ్చిక కనబడే చోటు ఒక్కటే, ముడి ఇనుము మోసే వ్యాగన్లు ఆగే పట్టాల పక్క. మేమే గొర్రెల్ని అక్కడికి తోలాం. తెల్ల గొర్రెలు సాయంత్రానికి కుంకుమ చల్లినట్టు ఎర్రగా వచ్చేవి. కత్తిరింపు అయ్యాక అప్ప ఉన్ని దులిపి చూసి అంది, "ఎర్రదుమ్ము మొదలుకంటా దిగీసినాది. ఈ యేడాది నాలుగు నీళ్ళు సాలవు. ఆరు పెట్టాల."

కడిగే పని నాది. ఆరు నీళ్ళంటే కొండ కిందికి, పైకి ఎన్నిసార్లో. ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. కడవ ఎత్తుకుని సగం దారిలో ఎందుకు నడుస్తున్నానో మరిచిపోయేదాన్ని. మూడు నీళ్ళు పెట్టాను. మూడో నీరు ఇంకా ఎర్రగానే దిగింది. చూశాను. చూసి పారబోశాను. ఆరేశాను. అప్ప అడిగితే "ఆరూ అయిపోనాయి" అన్నాను.

"అమ్మా, ఇది కూడా రాయాలా?" అంటోంది మా అమ్మాయి. రాయి. ఇది రాయించడానికే కూర్చున్నాను.

వన్ టౌన్‌లో మా కంబళ్ళు కొనే కొట్టాయన పెళ్ళిళ్ళ కోసం పన్నెండు పసుపుపచ్చ కంబళ్ళు అడిగాడు. ఆ ఎండాకాలానికి మా ఇంటికి అదే ఆధారం. అప్ప రాగి కాగు ఎక్కించింది. దానిమ్మ తొక్కలు, పటిక, కొంచెం చింతపండు పులుసు. వాసన అంతా సరిగ్గానే ఉంది. మూత తీసి కర్రతో ఉన్ని పైకెత్తింది. పసుపు లేదు. పొగచూరిన ఇంటి కప్పు రంగులో, నలుపూ బూడిదా కాని రంగులో ముద్దగా వేలాడింది.

ఆమె అరవలేదు. గంపలో రంగు వెయ్యకుండా మిగిలిన ఉన్ని గుప్పెడు తీసి, నీళ్ళల్లో ముంచి, గట్టిగా పిండి, చెయ్యి తెరిచి చూసుకుంది. అరచేతి గీతల్లో సన్నగా ఎరుపు, ఆ ముడి ఇనుము దుమ్మే. ఆ చేతిని చూసింది, నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుంది. అంతలో బావగారు వచ్చారు.

"ఏటే ఇది? కొట్టాయనకి పసుపు కంబళ్ళు ఇయ్యాల. కాకి ఈకలు ఇత్తామా?"

"నానే. నిన్న సందకాడ ఇనప కాగులో నానేసీసినాను. సూసుకోనేదు."

"ఇన్నేళ్ళనుంచి కాగు కాడున్నావు. ఇనుమేదో రాగేదో తెలీదేటే?"

"తెలీనేదు."

"కళ్ళు పోనాయా?"

"పోనాయేమో మరి."

ఆయన చాలాసేపు తిట్టారు. ఆమె ఆ కాగు పక్కనే నిలబడి విన్నది. చివరకు ఆయన, "రేపట్నించి నువ్వు కాగు ముట్టకు. మీ సెల్లికి సెప్పు, రంగు పని ఆవిడ సూసుకుంటాది" అన్నారు. నేను మూరెడు దూరంలో ఉన్నాను. అప్ప నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు చెప్పింది. "ఇన్నావా? కాగు నువ్వు సూసుకుంటావంట."

సాయంత్రం గొర్రెలు దొడ్డిలో చేరాక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అప్పా, బావకి నిజం సెప్పీ."

"ఎవులు సెప్పాల?"

"నువ్వే సెప్పాల. నాను మాటాడకూడదు కదా."

"అయితే నాను సెప్పను. నీకేమో సెప్పే దారి నేదు. ఇంక ఊరుకో."

"నీ మీదెందుకేసుకున్నావు?"

"నన్నయితే తిడతాడు. తిట్టి అన్నం తింటాడు. నిన్నయితే సంచి సర్దుకోమంటాడు. ఎల్లు, కుర్రగొర్రె కుంటతంది, సూడు."

అలా ఆమె చేతిలోంచి కాగు నా చేతికి వచ్చింది. నేను మందలో ఉండిపోయాను. రంగులు చూసే మనిషిని ఎవరూ ఊరి నుంచి పంపరు.

ఆ పొగ రంగు కంబళ్ళను కొట్టాయన తీసుకోలేదు. నేను గంపలో పెట్టుకుని హార్బరు వైపు పోయాను. చేపలమ్మే ఒక జాలరి ఆవిడ తిరగేసి మరగేసి చూసి, "ఈ రంగు బాగుందే. సేప నెత్తురు పడినా అగుపడదు, ఉప్పు మరకా అగుపడదు. మా ఆయన వలలో పడుకున్నాడో కంబళ్ళో పడుకున్నాడో నాకే తెలీదింక" అని నవ్వింది. తను ఒకటి కొని, పక్కావిడ చేత ఒకటి కొనిపించింది. మళ్ళీ చలికాలానికి పడవలవాళ్ళు పొగ కంబళి కావాలని కబురు పంపారు. తర్వాత ఉక్కునగరంలో రాత్రి షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు అడిగారు. ఆ తర్వాత క్వార్టర్లలో ఆడవాళ్ళు వచ్చి సోఫా మీద వేసుకుంటామన్నారు. కంబళి మీద కూర్చోకుండా సోఫా మీద కప్పడమేంటో నాకు ఈ రోజుకీ తెలియదు.

బావగారికి ఆ కథ ఇష్టమైపోయింది. ఎవరు కొనడానికి వచ్చినా చెప్పేవారు. "మా ఇంటిదానికి ఇనుమేదో రాగేదో తెలీదండి. తప్పు సేసినాది, అదే మనకి కలిసొచ్చినాది." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. అప్ప కూడా నవ్వేది. చుట్టుపక్కల పిల్లలు ఆమెను ఇనప కాగు నాయనమ్మ అనేవాళ్ళు. ఆమె పలికేది.

ఇప్పుడు నా వాదన వినండి. ఇనప కాగులో నానబెడితే పొగ రంగు రాదు. మరుసటి ఏడు బావగారి మాట ప్రకారం నేను ఇనప కాగులోనే నానబెట్టాను. కాకిలాగా నల్లగా వచ్చింది. నమ్మనివాళ్ళు మీ పెరట్లో వేసి చూసుకోండి. ఆ ఏడూ కొన్ని గొర్రెలు పట్టాల పక్కనే మేశాయి. ఏం చెయ్యాలో తెలియక నేను తల పట్టుకుంటే, అప్ప పక్కనుంచి గంప మోసుకుపోతూ ఆగకుండా, "ఎర్ర ఉన్ని తీసుకో. మూడు నీళ్ళే పెట్టు" అనేసి వెళ్ళిపోయింది. ఆ ఏడాది నుంచి ప్రతి మాఘంలోనూ కొన్ని గొర్రెల్ని పట్టాల పక్కకు తోలి, వాటి ఉన్నికి మూడే నీళ్ళు పెట్టి, రాగి కాగులోనే ఉడకబెట్టాం. నీళ్ళ సంగతి ఆడవాళ్ళ పని కాబట్టి బావగారు ఎప్పుడూ చూడలేదు. ఆయన మెచ్చుకున్న తప్పు మా అప్పది కాదు. నాది.

కాగు నాది అయిందే కానీ ముక్కు నాకు రాలేదు. రంగు ఎప్పుడు దించాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆమె పందిరి గుంజ పక్కన, మా వైపు వీపు పెట్టి, ఉన్నిలో ముళ్ళు ఏరుతూ కూర్చునేది. ఇంట్లో అందరికంటే చిన్నపని అది, కొత్త కోడళ్ళు చేసేది. అక్కడి నుంచే వాసన పట్టి దగ్గేది. ఒక దగ్గు దగ్గితే మంట తగ్గించాలి. రెండు దగ్గితే ఉన్ని తియ్యాలి. మేం మాట్లాడుకుని పెట్టుకున్న గుర్తు కాదు. మొదటి ఎండాకాలంలో రెండుసార్లు దగ్గింది, నాకు అర్థమైంది, అంతే. "ఎంత బాగా పట్టుకున్నావమ్మా రంగు" అని వచ్చినవాళ్ళు నన్ను పొగిడేవాళ్ళు. ఆమె వీపు నాకు కనబడుతూనే ఉండేది. "ఆ ముసలమ్మకి దగ్గు తగ్గదా, డాక్టరుకి సూపించరాదా?" అని ఉక్కునగరం ఆవిడ ఒకామె మందు సీసా కూడా తెచ్చి ఇచ్చింది. అప్ప ఆ సీసా తీసుకుని, దండం పెట్టి, సాయంత్రం కుంటి గొర్రెకు తాగించింది.

కొన్నేళ్ళకు మళ్ళీ అడిగాను. అప్పటికి నన్ను పంపే మాట ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా లేదు.

"ఇప్పుడైనా సెప్పీ అప్పా. నాకు సిగ్గుగా ఉంది."

"ఇప్పుడు సెప్తే నిన్నేటనడు. ఇన్నేళ్ళు అబద్దమాడినావని నన్ను తిడతాడు. నాకంత ఓపిక నేదే. నువ్వు సిగ్గుపడుకుంటా కూకో, నాకు ముళ్ళున్నాయి ఏరాల."

మీ అమ్మాయి చేత చెప్పించవచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్పించవచ్చు. ఆచారం అడ్డమొచ్చిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అలిసిపోయాను, ఇంక అబద్ధం మోయలేను. అడ్డమొచ్చింది ఆచారం కాదు. కాగు నా చేతికి వచ్చింది. నలుగురూ నన్ను రంగులమ్మా అన్నారు. నాకు అది బాగుంది. మొగుడు పోయినదానికి ఊళ్ళో ఆ మర్యాద ఎవరిస్తారు? ఆమె నాకు ఇచ్చింది. నేను తీసుకుని, తిరిగి ఇవ్వలేదు. రాయి, ఇది కూడా రాయి.

ఆమె గొప్ప మనిషి అని చెప్పడానికి రాలేదు నేను. మొండిది. గంజి చల్లారితే గిన్నె విసిరేది. నా చెప్పులు వేసుకుని పోయి బురద చేసి తెచ్చేది. పొట్టేలు అమ్మితే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు, మళ్ళీ కొనేవాడితో బేరం మాత్రం తనే ఆడేది. కానీ పనిలో తప్పు చెయ్యని మనిషి. అలాంటి మనిషి తప్పు చేశానని నలుగురిలో ఒప్పుకుని, జీవితాంతం దానికి నవ్వడం ఎంత బరువో చేతిపని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

అప్ప పోయిన పదో రోజు అయ్యాక కాగు ఎక్కించాను. ఆ ఉదయమే ఉన్ని తడిపాను, ఆగదు కదా. మంట పెట్టి కూర్చున్నాను. ఆవిరి వచ్చింది. దానిమ్మ వాసన వచ్చింది. నేను ఆగాను. ఇంకా ఆగాను. కమిలిన బెల్లం వాసన ముక్కుకు తగిలాక గానీ దేనికోసం ఆగుతున్నానో తెలియలేదు. ఆ కాగులో ఉన్ని అంతా మాడింది. తీసి గోతిలో పారబోశాను.

అదే చేతులతో వెళ్ళి బావగారి ఎదురుగా నిలబడ్డాను. ఆయన పందిరి కింద నులక మంచం మీద ఉన్నారు. చెవులు బాగానే వినబడతాయి, చూపే తగ్గింది. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి ఆయనతో నోరు తెరిచాను.

"బావా, ఆ ఏడు ఉన్నికి నాను నీళ్ళు తక్కువ పెట్టినాను. ఎర్రదుమ్ము వదల్నేదు. అందుకే పొగ రంగు వొచ్చినాది. అప్ప ఇనప కాగు ముట్టనేదు. తప్పు నాది. నన్ను పంపించీకుండా తన మీదేసుకున్నాది."

ఆయన నన్ను చూడలేదు. అలవాటుగా మొహం పక్కకు, అప్ప కూర్చునే గుంజ వైపు తిప్పారు.

"ఏటంతంది మీ సెల్లి?" అని అడిగారు.

గుంజ పక్కన గంప ఉంది. సగం ముళ్ళు ఏరిన ఉన్ని, ఏరి పక్కన పోసిన పల్లేరు కాయల చిన్న కుప్ప. పోయే ముందు రోజు ఆమె వదిలింది, ఎవరూ తియ్యలేదు. వడగాలికి గంప పైన ఉన్ని కొంచెం కదులుతోంది. ఆయన జవాబు కోసం అటే చూస్తున్నారు. నేనూ అటే చూస్తున్నాను.